ముక్కలైన చిత్రంలో భావాన్ని ఎక్కడ వెతకాలి? ఫ్రాంజ్ మార్క్ వేసిన ‘జంతువుల తలరాత’ గురించి

ప్రశ్న: కందుకూరు టీచరు

సభ్యులందరికీ నమస్కారం. కందుకూరు దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. చిత్రకళ చదువుకున్నదాన్ని కాను గానీ చూడడం ఇష్టం. స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు పోయిన సంక్రాంతికి వస్తూ, అక్కడి మ్యూజియంలో కొన్న పెద్ద ప్రింటు ఒకటి తెచ్చి ఇచ్చాడు. జర్మన్ చిత్రకారుడు ఫ్రాంజ్ మార్క్ 1913లో నూనెరంగులతో వేసిన చిత్రం అది. దాని పేరును తెలుగులో ‘జంతువుల తలరాత’ అనుకోవచ్చునని తమ్ముడు చెప్పాడు. ఫ్రేము కట్టించి ముందుగదిలో, నాన్న కూర్చునే పడక్కుర్చీకి ఎదురుగోడకు తగిలించాం. అప్పటి నుంచి రోజూ చూస్తున్నా దాని భావం ఇదీ అని తేల్చుకోలేకపోతున్నాను.

మొదటి చూపుకు అది పగిలిన రంగుటద్దంలా ఉంటుంది. కాసేపు నిలబడితే ఎడమ పైభాగంలో ఆకుపచ్చ గుర్రాలు, వాటికి దిగువన రెండు అడవిపందులు, నడుమ మెడ వెనక్కి విరిచి ఆకాశంకేసి మోర ఎత్తిన నీలిజింక, కుడివైపు ఒకదాన్నొకటి ఆనుకొని నిలబడిన జింకల గుంపు ఒక్కొక్కటిగా బయటపడతాయి. వాటి మీదుగానూ, వాటి ఒంటి గుండానూ ఏటవాలు గీతలు దూసుకుపోతుంటాయి. జంతువు ఒళ్ళు ఎక్కడ ముగిసిందో, చెట్టు ఎక్కడ మొదలైందో, మంట ఎక్కడిదో విడదీసి చెప్పడం నా వల్ల కాలేదు.

శనివారాలు మా ఇంటికి చదువుకోవడానికి వచ్చే తొమ్మిదో తరగతి పిల్లలను అడిగాను. ఒక అమ్మాయి అది పిడుగుల వాన అన్నది. ఒక అబ్బాయి, బస్సు కిటికీలోంచి అడవిని చూస్తే ఇలాగే ఉంటుందన్నాడు. ఒంగోలు జాతి పశువులను నలభై ఏళ్ళు మేపిన మా నాన్న మాత్రం, “ఆ జింకకు నీలం రంగు ఎందుకు పూశాడో నాకు తెలియదు గానీ, ప్రాణం మీదికి వచ్చిన పశువు మెడ అట్లాగే లేస్తుందమ్మా” అని చెప్పి, కుర్చీని కిటికీ వైపు తిప్పించుకున్నాడు.

నాకు తోచింది వేరు. నాకు అందులో ఖాండవదహనం కనిపించింది. చిత్రం ఎడమభాగం నిప్పులా, నడిమి భాగం మరణంలా ఉంటే, కుడివైపు మూడో వంతు మాత్రం రంగులు అణగిపోయి గోధుమవన్నెకు తిరిగి ఉంటుంది. మంట ఆరిన తరువాతి బూడిద అదేననీ, ఖాండవంలో శార్‌ఙ్గక పక్షి పిల్లలు మిగిలినట్టుగా ఆ జింకలు మిగిలాయనీ, చిత్రకారుడు ఎడమ నుంచి కుడికి ఒక కథను నడిపాడనీ అనుకున్నాను. పిల్లలకు కూడా అలాగే చెప్పాను. ఆ తరువాత అనుమానం పట్టుకుంది. ఇది చిత్రంలో ఉన్న భావమా, నేను పురాణం చదువుకున్నదాన్ని గనుక తెచ్చి అంటగట్టిన భావమా? ఇలా ముక్కలు చేసిన చిత్రంలో ఆ ముక్కలను దాటుకుని అర్థాన్ని చేరాలా, ముక్కలు కావడమే అర్థమా? తెలిసినవారు ఓపిగ్గా వివరించగలరని కోరుతున్నాను.

జవాబు: నెల్లూరు, విశ్రాంత చిత్రలేఖనం మాస్టారు

అమ్మా, మీ ప్రశ్నలో మీరు గమనించిన విషయం ఒకటి నిజంగా చాలా ముఖ్యమైనది. కుడివైపు మూడో వంతు వేరుగా ఉందని మీ కన్ను పట్టుకున్నది. అయితే అది వేరుగా ఉండడానికి కారణం మీరు ఊహించినది కాదు. మార్క్ చనిపోయిన తరువాత ఈ చిత్రం ఒక గోదాములో ఉండగా అగ్నిప్రమాదంలో చిక్కుకుని కుడిభాగం కాలిపోయింది. ఆయన స్నేహితుడు, తానూ గొప్ప చిత్రకారుడైన పాల్ క్లే, ఆ భాగాన్ని తిరిగి వేశాడు. ఆకారాలు నిలబడ్డాయి గానీ తొలి రంగుల వెలుగు తిరిగి రాలేదు. మీరు బూడిద అనుకున్నది నిజంగానే అగ్ని చేసిన పనే. కాకపోతే అది చిత్రకారుడు ఉద్దేశించిన అగ్ని కాదు, కాన్వాసును తాకిన అగ్ని.

ఈ మాట తెలిసినంత మాత్రాన మీరు చూసింది అబద్ధమైపోదు. కన్ను సరిగానే చూసింది. ఆ చూపు నుంచి కథకు పోయే దారిలో మాత్రం తొందరపడ్డారు. మా ఉద్యోగకాలంలో పిల్లలకు ఎప్పుడూ ఇదే చెప్పేవాణ్ణి: చిత్రం ముందు నిలబడినప్పుడు భావస్థితి, అర్థం అనే రెండింటినీ వేరువేరుగా ఉంచుకోవాలి. భావస్థితి రంగులోనూ గీత పోయే దిశలోనూ అంచులోనూ ఉంటుంది గనుక చూపించి వాదించవచ్చు. అర్థానికి పేరు, కాలం, చరిత్ర, చిత్రకారుడి ఉత్తరాలు, చూసేవారి చదువు అన్నీ వచ్చి చేరతాయి. మొదటిదాన్ని బాగా పట్టుకోకుండా రెండోదానికి దూకితే, ఏ చిత్రానికైనా ఏ కథనైనా కట్టబెట్టవచ్చు.

ముక్కలు కావడమే అర్థమా అని అడిగారు. నా అభిప్రాయంలో ముక్కలకు వాటంతట అవిగా ఏ భావమూ లేదు. పికాసో, బ్రాక్‌లు 1909 నుంచి 1912 వరకు వేసిన చిత్రాలు చూడండి. ఒక వయొలిన్‌నో సీసానో కూర్చున్న మనిషినో పలకలు పలకలుగా విప్పారు, కానీ అక్కడ భయం లేదు. గోధుమ, బూడిద వన్నెలలో, వస్తువు చుట్టూ నిదానంగా తిరిగి చూసే మనిషి ప్రశాంతత ఉంది. మన దేశంలో గగనేంద్రనాథ్ ఠాగూర్ 1920లలో అదే పద్ధతిని తీసుకుని మెట్లూ గుమ్మాలూ వెలుగునీడలూ కలిసిన కలలాంటి ఇళ్ళను వేశాడు. అక్కడ ముక్కలు రహస్యాన్ని పుట్టిస్తాయి. మరి మార్క్ చిత్రంలో అవే ముక్కలు మీ నాన్నగారి చేత కుర్చీని ఎందుకు తిప్పించాయి? తేడా గీతల దిశలో ఉంది. నిలువు గీత నిలబడుతుంది, అడ్డగీత పడుకుంటుంది, ఏటవాలు గీత మాత్రం పడిపోతూ ఉంటుంది. ఈ చిత్రంలో ఆసరా ఇచ్చే నిలువు గీతగానీ అడ్డగీతగానీ దాదాపు లేదు. కంటికి కాలు మోపే చోటు దొరకదు.

రెండో కారణం అంచులు. సైదాపురం వైపు అభ్రకం గనుల దగ్గర పెరిగినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కాకిబంగారం పొరను గోటితో లేపి కంటికి అడ్డం పెట్టుకుంటే అవతలి వస్తువు కనిపిస్తుంది, కానీ పొర కూడా కనిపిస్తూనే ఉంటుంది. రెండు పొరలు కలిసిన చోట వన్నె మారుతుంది. మార్క్ జంతువుల ఒళ్ళు అలాంటివి. మంట వాటి వెనక లేదు, వాటి గుండా పోతున్నది. జింకకూ మంటకూ నడుమ తోలు అనే గోడ లేకుండా పోయింది. మీరు విడదీయలేకపోవడం మీ చూపులోని లోపం కాదు, చిత్రకారుడు సాధించినదే అది. 1912లో ఆయన పారిస్ వెళ్ళి ఫ్రెంచి చిత్రకారుడు రోబేర్ దెలోనేను కలిశాడు. వెలుగును రంగుపలకలుగా విడగొట్టే దెలోనే పద్ధతి ఆయన మీద గట్టిగా పనిచేసింది. దెలోనే దగ్గర ఆ పలకలు పండుగలా ఉంటాయి, ఇక్కడ కత్తులయ్యాయి.

నీలం గురించి ఒక మాట. 1910లో స్నేహితుడు, చిత్రకారుడు ఆగస్ట్ మాకేకు రాసిన ఉత్తరంలో మార్క్ తన రంగుల లెక్క చెప్పాడు. ఆయనకు నీలం పురుషతత్త్వం, ఆత్మ సంబంధమైనది. పసుపు స్త్రీతత్త్వం, మృదువైనది, ఆనందమైనది. ఎరుపు పదార్థం, బరువైనది, మొరటుది. ఈ లెక్క ప్రకారం జింక నీలంగా ఉండడానికి కారణం దొరుకుతుంది. అయినా దాన్ని నిఘంటువులా పట్టుకుని ప్రతి రంగుకూ అర్థం రాసుకుంటూ పోవడం నాకు నచ్చదు. ఆ ఉత్తరం సంగతి తెలియని మీ నాన్నగారు జింక మెడను చూసి చెప్పిన మాట, ఉత్తరం చదివినవారు చెప్పేదానికంటే చిత్రానికి దగ్గరగా ఉంది.

ఒక పని చేసి చూడండి. నల్లకాగితం తీసుకుని కుడి మూడో వంతును కప్పి, మిగిలినదాన్ని ఐదు నిమిషాలు చూడండి. తరువాత ఆ కాగితాన్ని నీలిజింక మీద పెట్టి, జింక లేకుండా చూడండి. ఏమి మారిందో పిల్లల చేత పూర్తి వాక్యాలలో రాయించండి. పేర్లు, కథలు అప్పుడే వద్దు.

జవాబు: ఉదయగిరి, కొయ్యపని

టీచరు గారికీ మాస్టారు గారికీ నమస్కారం. మాది ఉదయగిరిలో కొయ్య గరిటెలు, చెంచాలు చేసే కుటుంబం. చిత్రాల గురించి రాసే చదువు నాకు లేదు, కానీ ఈ చిత్రం గురించి వెతికి చదువుతుంటే ఒక సంగతి కనిపించి, చెప్పకుండా ఉండలేకపోతున్నాను. ‘జంతువుల తలరాత’ అనే పేరు మార్క్ పెట్టింది కాదట, పాల్ క్లే సూచించిందట. మార్క్ మొదట అనుకున్న పేరుకు అర్థం, ‘చెట్లు తమ వలయాలను చూపాయి, జంతువులు తమ నరాలను చూపాయి’ అని.

చదివేవారికి ఇది అందమైన మాటలా వినిపిస్తుందేమో. నా చేతికి మాత్రం అది వణుకు పుట్టించింది. నిలబడి ఉన్న చెట్టు ఎవరికీ వలయాలు చూపించదు. బెరడు కప్పి ఉంచుతుంది. రంపం అడ్డంగా దిగి దుంగ రెండుగా విడిపోయిన తరువాతే చేవ చుట్టూ ఏడాదికొకటి చొప్పున పెరిగిన ఆ గుండ్రాలు బయటికి వస్తాయి. చెట్టు వలయాలు చూపిందీ అంటే చెట్టు అప్పటికే నరకబడిందన్నమాట. జంతువు నరాలు చూపడమూ అంతే. తోలు పోతే తప్ప అవి కనబడవు. కాబట్టి ఆ పేరులో విధి, తలరాత వంటి పెద్ద మాటలు ఏవీ లేకుండానే చావు ఉంది. క్లే సూచించిన పేరు మనల్ని ఏమవుతుందో అనే కథ వైపు తీసుకుపోతుంది, మార్క్ పేరు ఏమి కనబడుతున్నదో దాని వైపే చూడమంటుంది.

ఇంకొక సంగతి. దుంగను అడ్డంగా కోస్తే వలయాలు గుండ్రంగా వస్తాయి, నిలువుగా చీలిస్తే అవే వలయాలు పొడుగు చారలవుతాయి, వాలుగా కోస్తే సాగిన కోడిగుడ్డు ఆకారాలవుతాయి. కొయ్య ఒకటే, కోత మారితే బొమ్మ మారుతుంది. ముక్కల చిత్రం ఎందుకు అలా ఉంటుందో నాకు ఈ దారిలోనే అర్థమైంది. బయటి రూపాన్ని మాత్రమే వేసేవాడు బెరడును వేస్తాడు. లోపలిదీ బయటిదీ ఒకే చోట చూపాలనుకున్నవాడు కోయక తప్పదు. ఆ ఏటవాలు గీతలను నేను మంటగా చూడలేదు, కోతలుగా చూశాను. ఒకదాని పక్కన ఒకటి సమాంతరంగా పోవడం చూస్తే రంపం దిగిన జాడలే గుర్తుకొచ్చాయి.

జవాబు: ఒంగోలు, చరిత్ర అధ్యాపకుడు

ఉదయగిరి సోదరుడు రాసినది చదివి చాలాసేపు ఆగిపోయాను. పేరు గురించి ఇంత సూటి వివరణ నేను ఎక్కడా చదవలేదు. నేను కాలం గురించి మాత్రం రాస్తాను, ఎందుకంటే ఈ చిత్రం గురించి మాట్లాడే ప్రతివారూ చివరికి చేరే మాట ఒకటుంది: మార్క్ మొదటి ప్రపంచయుద్ధాన్ని ముందే చూశాడని. ఆ మాటను కొంచెం జాగ్రత్తగా పట్టుకోవాలి.

చిత్రం వేసింది 1913లో. జర్మనీ యుద్ధంలోకి దిగింది 1914 ఆగస్టులో. మార్క్ తనంతట తానే సైన్యంలో చేరాడు. ఆ కాలపు చాలామంది యూరపు కళాకారుల లాగే, కుళ్ళిన యూరపును యుద్ధం కడిగి శుభ్రం చేస్తుందని ఆయన నమ్మాడు. 1915లో యుద్ధరంగంలో ఉండగా ఇదే చిత్రం అచ్చయిన పోస్టుకార్డు ఆయన చేతికి వచ్చింది. అప్పుడు భార్య మరియాకు రాసిన ఉత్తరంలో, ఇది ఈ యుద్ధానికి ముందుచూపులా ఉందనీ, భయంకరంగా ఉందనీ, తానే దీన్ని వేశానంటే నమ్మలేకపోతున్నాననీ చెప్పుకున్నాడు. 1916 మార్చి 4న ఫ్రాన్సులో వెర్దున్ దగ్గర జరిగిన యుద్ధంలో చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు 36 ఏళ్ళు.

ఈ వరుసలో గమనించవలసినది ఏమిటంటే, యుద్ధం అనే అర్థాన్ని ఆ చిత్రానికి మొదట ఇచ్చినవాడు చూపరిగా మారిన మార్కే. వేసిన మార్క్ వేరు, రెండేళ్ళ తరువాత యుద్ధరంగంలో నిలబడి పోస్టుకార్డు చూసిన మార్క్ వేరు. వేసేనాటి మార్క్‌కు అగ్ని నాశనం మాత్రమే కాదు, శుద్ధి కూడా. కాన్వాసు వెనకవైపు ఆయన రాసుకున్న మాటకు తెలుగు చేస్తే ‘సమస్త అస్తిత్వమూ మండుతున్న వేదన’ అని వస్తుంది. బుద్ధుడు గయలో అంతా మండుతున్నదని చెప్పిన ఉపదేశం మనకు వెంటనే గుర్తుకొస్తుంది. అందులో ఉన్నది ఒక యుద్ధం గురించిన జోస్యం కాదు, బతకడం గురించిన మాట. కనుక నీలిజింక మోర ఎత్తడాన్ని చావుకేక అనీ చదవవచ్చు, తనను తాను అర్పించుకోవడం అనీ చదవవచ్చు. నేను రెండోదాని వైపు కొంచెం మొగ్గుతాను. దాని ఒంట్లో పారిపోయే కదలిక ఎక్కడా లేదు.

ఇక ఖాండవదహనం. టీచరు గారి పోలిక నాకు ఇష్టమైనదే గానీ, అది ఎక్కడ కుదరదో చూస్తేనే ఎక్కువ లాభం. ఖాండవాన్ని ఎవరు కాలుస్తున్నారో మనకు తెలుసు. ఆకలిగొన్న అగ్ని ఉన్నాడు, కాపలాగా కృష్ణార్జునులు ఉన్నారు, ఆర్పడానికి వచ్చిన ఇంద్రుడు ఉన్నాడు. ఈ చిత్రంలో కాల్చేవాడు లేడు. మనిషి లేడు, దేవుడు లేడు, ఆయుధం లేదు. కోపగించడానికి ఎవరూ దొరకరు. ఈ చిత్రం ముందు మనకు కలిగే నిస్సహాయతకు నాకు తోచిన పెద్ద కారణం అదే. స్పెయిన్‌లో బాంబుదాడికి గురైన గెర్నికా పట్టణం పేరుతో పికాసో 1937లో వేసిన ‘గెర్నికా’లోనూ బాంబులు వేసిన విమానాలు కనిపించవు, కానీ అక్కడ ఆ పట్టణం పేరే నేరం ఎక్కడ జరిగిందో చెప్పేస్తుంది.

ఏటవాలు గీత గురించి మాస్టారు చెప్పినదానికి మన దేశం నుంచి ఒక ఉదాహరణ జోడిస్తాను. తయ్యబ్ మెహతా 1969 నుంచి వేసిన చిత్రాల వరుసలో ఒకే ఒక్క ఏటవాలు గీత కాన్వాసును ఈ మూల నుంచి ఆ మూలకు చీల్చి, మనిషి శరీరాన్ని రెండు చేస్తుంది. 1947లో బొంబాయి వీధిలో అల్లరిమూక ఒక మనిషిని చంపడం ఆయన కిటికీలోంచి చూశాడు. ఆ దృశ్యం జీవితాంతం తనను వదలలేదని చెప్పుకున్నాడు. అయినా ఆయన చిత్రాల్లో రక్తం, గుంపు, కత్తి ఉండవు; చదునైన ప్రశాంతమైన రంగులూ ఆ గీతా మాత్రమే ఉంటాయి. మార్క్ వంద గీతలతో చేసినదాన్ని ఆయన ఒక్క గీతతో చేశాడు.

చిత్రం తరువాతి చరిత్ర కూడా దాని అర్థంలో కలిసిపోయింది. జర్మనీలో హాలె నగర మ్యూజియంలో ఉన్న దీన్ని నాజీలు ‘దిగజారిన కళ’ అని ముద్ర వేసి తొలగించారు. 1939లో బాసెల్ మ్యూజియం కొన్నది. మీ తమ్ముడు చూసింది అందుకే జర్మనీలో కాదు, స్విట్జర్లాండులో.

తిరిగి: కందుకూరు టీచరు

ముగ్గురికీ కృతజ్ఞతలు. కుడిభాగాన్ని గురించి పిల్లలకు తప్పు చెప్పానని నిన్ననే ఒప్పుకుని, కాలిన సంగతీ క్లే సంగతీ వివరించాను. బస్సు కిటికీ మాట అన్న అబ్బాయి, “అయితే టీచర్, ఆ జింకలు మాత్రం మార్క్ వేసినవేనా, ఇంకొకరు వేసినవా?” అని అడిగాడు. రెండూ అని చెప్పాను. వాడికి ఆ జవాబు నచ్చలేదు, నాకూ పూర్తిగా నచ్చలేదు.

మాస్టారు చెప్పినట్టు నల్లకాగితంతో చూశాం. కుడిభాగాన్ని కప్పితే మిగిలినది భరించలేనంత బిగుసుకుపోయింది. ఆ అణగిన రంగులు, ఎవరి చేతివైనా, కంటికి ఊపిరి పీల్చుకునే చోటు ఇస్తున్నాయని అప్పుడు తెలిసింది. తరువాత కాగితాన్ని నీలిజింక మీద పెట్టాం. విచిత్రంగా చిత్రమంతా వట్టి గీతల అల్లికలా, కొంచెం అందంగా కూడా కనిపించింది. పిడుగుల వాన అన్న అమ్మాయి, “ఇప్పుడు నొప్పి లేదు టీచర్” అని రాసింది. ఉదయగిరి అన్న చెప్పిన వలయాల మాట చదివి వినిపిస్తే నాన్న ఏమీ అనలేదు. లేచి వచ్చి, కళ్ళజోడు సరిచేసుకుని, జింక మెడ దగ్గర గాజు మీద వేలు పెట్టి కింది నుంచి పైకి ఒకసారి నిమిరాడు. కుర్చీని మాత్రం ఇంకా కిటికీ వైపే ఉంచుకున్నాడు.